ఎదురు మర

సైకిలేసుకుని ఊళ్ళు పట్టి తిరిగేవాడికి దారిలో కలిసే చుట్టాలే ఎక్కువ. తిరకాసు మావయ్య నాకు అలా కలిసినవాడే. చైను తెగి, సైకిలు నడిపించుకుంటూ ఆయన సైకిలు రిపేరు కొట్టు ముందు ఆగాను. గుమ్మంలో కూర్చున్న ఆయన భార్య, ముఖం నా వైపు తిప్పకుండానే, "ఎవరన్నయ్యా అది, చైను ఈడ్చుకుంటూ వస్తున్నారు?" అంది. ఆవిడకి చూపు లేదని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ నన్ను అన్నయ్యా అంది కాబట్టి ఆయనకి నేను బావనైపోయాను. బావనయ్యాక ఇంకేం మర్యాద? "ఈ చైనుతోనా ఇంత దూరం వచ్చావు బావా? నడిచి బయల్దేరుంటే ఈపాటికి చేరిపోయేవాడివి" అన్నాడు.

ఎడమచేతి వాటం మనిషి. పానా ఎడమచేత్తో పట్టి తిప్పుతుంటే చూసేవాళ్ళకి అంతా తలకిందులుగా కనిపిస్తుంది. అందుకే వీధివీధంతా ఆయన్ని తిరకాసు మావయ్య అంటారు.

గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక పనిముట్టు. కొన్నది ఒక్కటీ లేదు. విరిగిన సైకిళ్ళ ఎముకలు కాల్చి, కోసి, సానబెట్టి చేసుకున్నవే అన్నీ. రెండు పల్చటి పానాలున్నాయి. చక్రం ఇరుసు మీద ఒకటి ఇటు లాగితే రెండోది అటు లాగాలి. రెండూ సమానంగా బిగిస్తేనే చక్రం సాఫీగా తిరుగుతుంది. వాటి పేరు తోడికోడళ్ళు. చైను మేకుని వెనక నుంచి పొడిచి బయటికి తోసేది బావమరిది. అందరికంటే పై మేకుకి వేలాడే బరువైన పానా పెద్దల్లుడు. అది పని చేయగా ఎవరూ చూడలేదట. పేర్లన్నీ ఆవిడ పెట్టినవే. చూపు మసకబారుతున్న రోజుల్లో, తడిమి అందించడానికి పేర్లుంటే సుళువని పెట్టుకుంది.

చూపున్నన్నాళ్ళూ ఆవిడ బొత్తాల కర్మాగారానికి తన సైకిలు మీదే వెళ్ళొచ్చేది. ఇప్పుడు గుమ్మం దాటితే ఒకరు చెయ్యి పట్టుకోవాలి. క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తిప్పుతానని ఆయన ఎన్నిసార్లు బతిమాలినా ఒకటే మాట: "నేనేం మూటనా? నా కాళ్ళకేమైందని?"

ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. రెండు పాత సైకిళ్ళని కోసి, ఒకదాని వెనక ఒకటి అతికి, ఇద్దరు తొక్కే సైకిలు చేశాడు. వెనక హ్యాండిలుకి ఆవిడ పాత బెల్లే బిగించాడు. ముందు పెడళ్ళనీ వెనక పెడళ్ళనీ కలిపే చైను ఎడమ పక్కన పోతుంది. అక్కడ పళ్ళచక్రం కావాలని, కుడి పక్కన పళ్ళచక్రంతో కలిసి ఉండే పెడలు కాడల్ని తెచ్చి ఎడమకి వేశాడు.

నా చైను అతికిన మర్నాడే మొదటి ప్రయాణం. సందు మలుపు కూడా తిరగలేదు.

"నా ఎడమ పెడలు వదులవుతోందండీ."

"ఒళ్ళంతా బలం పెట్టి బిగించాను. నువ్వు తొక్కు."

ఆవిడ తొక్కింది. పెడలు ఊడి దొర్లుకుంటూ కాలవలో పడింది, ఆవిడ గోడకి కొట్టుకుంది. మోకాలు చీరుకుపోయింది. ఇంటికొచ్చి కాలు కడుక్కుంటూ, గొంతు పెంచకుండా అంది: "ఇంకొక్కసారి ఊడిందంటే దీన్ని అటకెక్కించండి. నేనిక ఎక్కను."

ఆవిడ అన్న మాట దాటదని ఆయనకి తెలుసు.

సంగతేమిటంటే, సైకిలుకి రెండు పెడళ్ళ మరలూ, అంటే ఇరుసు చుట్టూ మెలితిరిగే మెట్లు, ఒకలాంటివి కావు. తొక్కుతుంటే వదులవకుండా ఎడమదానికి మర ఎదురు దిక్కున చుట్టి ఉంటుంది. కుడి కాడ ఎడమకి వేస్తే, తొక్కినకొద్దీ పెడలు తనంతట తనే ఊడి వస్తుంది. పుట్టుకతో ఎడమచేతివాడు ఎడమ మరనే మరిచిపోయాడు.

ఆ మర కోసే పనిముట్టు బజారులో ఎవరి దగ్గరా లేదు.

నన్ను ఎప్పటినుంచో తొలిచే ప్రశ్న ఒకటుంది. మర కోయాలంటే ఇంకో మర కావాలి. మరి లోకంలో మొట్టమొదటి మరని దేంతో కోశారు? ఓడరేవుల్లో అడిగాను, పుస్తకాల్లో వెతికాను. చదివినవాటితో నా సందేహం తీరలేదు. ఆ కొట్టులో, ఒక బోర్లించిన డబ్బా మీద కూర్చుని, మొట్టమొదటిది కాకపోయినా, ఒక మర ఇంకో మరని కనడం కళ్ళారా చూశాను.

చెత్తలోంచి ఒక పాత ఎడమ పెడలు ఇరుసు ఏరాడు. దాని మీద ఎదురు మర ఉంది కదా! ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, మెత్తబడనిచ్చాడు. మరకి అడ్డంగా, ఇరుసు పొడుగునా ఆకురాయితో గాడులు పెట్టాడు. అంచులు కత్తుల్లా లేచాయి. కొస కాస్త సన్నం చేసి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచాడు. గాజులా పెళుసు కాకుండా కొంచెం సెగ చూపించాడు. అరిగి పారేసిన ఇరుసు ఇనుమునే కొరికే పన్నై కూర్చుంది.

కాడల రంధ్రాలు పూడ్చి, అతికి, కొత్తగా తొలిచాడు. పనిముట్టు పెట్టి కొంచెం కొంచెం ఎడమకి తిప్పుతున్నాడు. ఆవిడ పక్కనే కూర్చుని చెవి ఒగ్గింది.

"ఆగండి, కీచుమంటోంది. నూనె వెయ్యండి."

"నాకు తెలుసులేవే."

"తెలిసే కదా నా మోకాలు ఇలా చేశారు."

నూనె వేశాడు. నల్లటి రజను ఉంగరాలుగా రాలింది. లోపల, ఇందాకటిదాకా నునుపుగా ఉన్న చోట, మెట్లు మెట్లుగా మర మెరిసింది. వేలు పెట్టి తడిమాను. తియ్యబుద్ధి కాలేదు.

పెడళ్ళు బిగించి ఇద్దరూ ఎక్కారు. ఎత్తుగడ్డ ఎక్కితే గానీ పెడలు సంగతి తేలదు, అటే తిప్పాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. చాలాసేపటికి, మనుషుల కంటే ముందు మాటలొచ్చాయి.

"కాళ్ళు తిప్పారు గానీ ఎత్తు మీద తొక్కలేదు మీరు."

"తొక్కాను."

"వెనకున్నదాన్ని, నా కాళ్ళకి తెలియదనుకున్నారా? మిమ్మల్నే మూటలా మోసుకొచ్చాను."

ఆవిడ దిగి, వంగి, ఎడమ పెడలు పట్టి ఊపి చూసింది. కదల్లేదు. చెయ్యి చాపింది, ఆయన ఆ చేతిలో కొత్త పనిముట్టు పెట్టాడు. బొటనవేలితో చుట్టూ నిమిరింది.

"దీనికి పేరు పెట్టలేదు కదూ? 'మా ఆయన' అని పెడదాం."

"నా పేరెందుకే దానికి?"

"ఎటు తిప్పమంటే దానికి ఎదురు తిరుగుతుంది."

ఆయన లోపలికెళ్ళి పెద్దల్లుణ్ణి కిందికి దించి, ఆ పై మేకుకి దీన్ని తగిలించాడు. వచ్చేసరికి ఆవిడ మళ్ళీ వెనక సీటెక్కి, ఒక కాలు నేలకి ఆనించి, ఆగకుండా బెల్లు కొడుతోంది.