తగ్గింది అన్న మాట

మా అక్క భయపడి ఆపరేషన్ మానుకుందని తిరువూరులో చాలామంది అనుకుంటున్నారు. ప్రార్థన మీద నమ్మకంతో మానుకుందని చర్చి సంఘంలో చెప్పుకుంటున్నారు. రెండూ నిజం కాదు.

నేను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చిట్టెలుకల్ని చూసుకునే ఉద్యోగం నాది. సైంటిస్టును కాను. అక్కడి చిట్టెలుకలకు పుట్టకముందే జన్యువుల్లో మార్పు చేసి ఉంచుతారు. పెరిగేకొద్దీ మెదడులో గడ్డ దానంతటదే లేస్తుంది. ఏ మందుకు అది లొంగుతుందో చూడటానికే వాటిని పెంచుతారు. మేత, నీళ్ళు పెట్టడం, బోనుల్లో చెక్కపొట్టు మార్చడం, రోజూ ఒక్కొక్కదాన్నీ చూసి రాయడం నా పని. బాగున్న చిట్టెలుక మేం వేసిన కాగితాన్ని చింపి గూడు కట్టుకుంటుంది. గడ్డ పెరిగినది కట్టుకోదు. ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది, బొచ్చు రేగిపోతుంది. మెడ ఒక పక్కకి వాలుతుంది. తర్వాత ఒకే వైపు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఏళ్ళ తరబడి చూశాక, స్కానింగుకి ముందే నాకు తెలిసిపోయేది.

ఆ ఏడు మామిడి పూత మీద ఉండగా సెలవు పెట్టి అక్కావాళ్ళ ఇంటికి వెళ్ళాను. అక్క గంపలగూడెంలో టీచరు. బావకు తిరువూరులో పురుగుమందుల షాపు. వాళ్ళకు ఒక్కతే కూతురు, అప్పుడు తొమ్మిదో తరగతి.

“రావోయ్ ఎలకల డాక్టరూ!” అన్నాడు బావ. “నేనేమో ఎలకల మందు అమ్ముతాను, నువ్వేమో ఎలకలకే మందేస్తావు. మన ఇద్దర్లో ఎవడో ఒకడు పని మానేయాలి.”

“నువ్వే మానెయ్. వాడి దగ్గర ఎలకలైనా ఉన్నాయి, నీ షాపుకి అవి కూడా రావు” అని నవ్వుతూ అక్క నాకు కాఫీ అందించబోయింది. నా చేతికి జానెడు అవతల గ్లాసు వదిలేసింది.

అప్పుడు చూశాను. జుట్టు కుడివైపు నున్నగా దువ్వి ఉంది. ఎడమవైపు నిద్ర లేచినట్టే ఉంది. మెడ కొద్దిగా వాలి ఉంది.

“తలనొప్పి వస్తోందా అక్కా?”

“పొద్దున్నే వస్తోందిరా. ఓసారి వాంతయితే పోతుంది. ఏం?”

మర్నాడే విజయవాడ తీసుకెళ్ళాం. గడ్డ ఉంది. తీయగలిగే చోటే ఉందని, ఆలస్యం చేయవద్దని చెప్పి డాక్టరు ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాడు. అక్క భయపడలేదు. ఈ సంగతి అందరికీ తెలియాలి. సెలవు చీటీ రాసింది. సంచిలో రెండు నైటీలు, బైబిలు, దిద్దాల్సిన పేపర్ల కట్ట పెట్టుకుంది. “గుండు చూసి టెన్త్ వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, పరీక్షల టైముకి వచ్చేస్తే చాలు” అంది.

బయల్దేరాల్సిన ముందు రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ అడిగాడు. “ఏరా, మీ దగ్గర చూసేది ఈ జబ్బుకేగా? కొయ్యకుండా పోయే మందేం లేదా?” ఆయన గొంతులో వెటకారం లేదు. ఆ ఇంట్లో నన్నొక విషయం తెలిసినవాడిలా అడగడం అదే మొదటిసారి.

“ఈమధ్య ఒక కొత్త మందు ఇచ్చారు బావా. ఎలకల్లో తగ్గింది” అన్నాను.

మా పరిశోధనశాలలో తగ్గడమంటే స్కానింగులో గడ్డ కొలత తగ్గడం. కొన్ని వారాలు తగ్గింది, తర్వాత మళ్ళీ పెరిగింది, ముందుకంటే వేగంగా. ఆ సంగతి రాసింది నేనే. ఇళ్ళల్లో మాత్రం జ్వరం తగ్గిందంటే పోయిందనే. బావ దేన్ని విన్నాడో ఆయన ముఖం చూస్తే తెలిసింది. సరిదిద్దడానికి ఇంకొక్క మాట చాలు. నేను పప్పు కలుపుకున్నాను.

“తగ్గినవాటిని తర్వాత ఏం చేస్తార్రా?” అని అక్క అడిగింది.

చంపి, మెదడు తీసి, పొరలు పొరలుగా కోసి చూస్తారు. తగ్గినా, తగ్గకపోయినా అంతే.

“ఉంటాయిలే అక్కా” అన్నాను.

“మరి మనుషులకెప్పుడొస్తుంది?” అన్నాడు బావ.

“ఎంతో కాలం పట్టదు.” సైంటిస్టులెవరూ నాతో ఆ మాట అనలేదు.

అక్క నా వైపే చూసింది. “ఆగమంటావా? నువ్వు చెప్పరా. రోజూ చూసేవాడివి నువ్వేగా.”

“కొన్నాళ్ళు చూద్దాం” అన్నాను.

నేను హైదరాబాదు వచ్చేశాను. బావ వారం వారం ఫోన్ చేసేవాడు. “ఇంకా ప్రాసెస్‌లో ఉంది బావా” అనేవాణ్ణి. అలా అంటుండగానే, ఆ మందు తిన్న చిట్టెలుకల్లో చివరిది కూడా గూడు కట్టడం మానేసింది. రాసి, సంతకం చేశాను. ఇంటికి మాత్రం చెప్పలేదు.

రెడ్డిగూడెం మామిడి తోటల్లో కాయ కోతకొచ్చేనాటికి అక్క మాట ముద్దగా వస్తోంది. నేను వెళ్ళేసరికి పెరట్లో నడుస్తోంది. ప్రతిసారీ ఎడమ భుజం గోడకు రాసుకుంటోంది, అయినా ఆ గోడ వైపే పోతోంది. విజయవాడలో అదే డాక్టరు కొత్త స్కానింగు చూసి, “ఇన్నాళ్ళు ఎందుకాగారండీ? ఇప్పుడిక తీయలేం” అన్నాడు. బావ నా వైపు తిరిగాడు. నేను స్కానింగు ఫిల్ములు తీసి కవరులో పెట్టాను. వానలు మొదలవకముందే అక్క పోయింది. సంతాపానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆమె విశ్వాసం గురించి చెబితే అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.

మొన్న వెళ్ళినప్పుడు మా మేనకోడలు అడిగింది. “అమ్మకి అంత భయమా మావయ్యా? నాకోసమైనా చేయించుకోవచ్చుగా.”

ఆ సాయంత్రం షాపులో బావకు అంతా చెప్పాను. ఆయన లేచి, వచ్చిన రైతుకి మందు డబ్బా ఇచ్చి పంపి, మళ్ళీ కూర్చున్నాడు.

“మళ్ళీ పెరుగుతుందని ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“ఆ రోజు అన్నాల దగ్గరే తెలుసు.”

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. “పిల్లకి చెప్పకు. దానికున్న మేనమామవి నువ్వొక్కడివే. అనుకునేది అలాగే అనుకోనీ” అన్నాడు.

ఆయన నా మేలు చూశాడు. కానీ అలాగే వదిలేస్తే, అమ్మ తనకోసం ఆ మాత్రం ధైర్యం చేయలేకపోయిందని ఆ పిల్ల బతికినంత కాలం నమ్ముతుంది. అందుకే ఇది రాసి, ముందు తనకే పంపుతున్నాను. చదివాక మావయ్యా అని పిలుస్తుందో లేదో నాకు తెలియదు.