మామిడి గుజ్జు డబ్బా అంచు

మా చెల్లెలి అత్తగారు పోయారు. పోయిన గురువారం పొద్దున్న దీపం వెలిగించి లేస్తుంటే ఫోన్ మోగింది. "అక్కా, అత్తయ్య ఇంక లేరు" అంది చెల్లెలు. తర్వాత ఏడుపే. ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో నా వంటింట్లో నిలబడి ఆ ఏడుపు వింటూ నేను అనుకున్నది చెప్పడానికి సిగ్గుగా ఉంది. అమ్మ పోయినప్పుడు ఇది ఇంత ఏడవలేదు అనుకున్నాను. అప్పుడు దానికి ఏడేళ్ళు.

ఆ తర్వాత దాన్ని పెంచింది నేను. జడలు వేశాను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. కన్యాదానం నేనూ మావారూ చేశాం. పెళ్ళయి అల్ఫారెట్టాలో అత్తారింటికి వెళ్ళిన రెండు నెలలకే "అత్తయ్య ఇలా చేస్తారక్కా, అత్తయ్య అలా అన్నారక్కా" మొదలైంది. నేను నేర్పిన పప్పుచారు కూడా అత్తయ్య పప్పుచారు అయిపోయింది. ఈ అసూయ తీసెయ్యమని రోజూ పూజలో అడిగేదాన్ని. దేవుడు వినేవాడేమో, నేనే వదిలేదాన్ని కాదు.

ఆవిడ నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా నన్ను "వదినగారూ" అనే పిలిచేవారు, వియ్యపురాలిని పిలిచినట్టు. నన్ను ముసలిదాన్ని చేసి ఆటపట్టిస్తున్నారనుకునేదాన్ని.

"పేరు పెట్టి పిలవండి అత్తయ్యగారూ" అన్నానొకసారి.

"పిల్లనిచ్చినవారిని పేరు పెట్టి పిలుస్తారా ఎవరైనా" అన్నారు, నవ్వకుండా.

చెల్లెలు పెళ్ళిళ్ళకి కొబ్బరిబోండాలు అలంకరిస్తుంది. రెండేళ్ళ కిందట వెళ్ళినప్పుడు దాని కత్తెరలు, బ్రష్షులు పెట్టుకోడానికి మూడు అరల టూల్‌బాక్స్ కొనుక్కెళ్ళాను. ఆ వారమే ఇంట్లో మ్యాంగో లస్సీ చేశారు. ఖాళీ అయిన మామిడి గుజ్జు డబ్బాని ఆవిడ మూడుసార్లు కడిగి, వాసన చూసి, "ఇంకా మామిడిపండుదే, మనది కాలేదు" అని నాలుగోసారి కడిగారు. దాన్ని కోడలి పనిముట్లకి అలంకరించి ఇద్దామని తన పాత మంగళగిరి చీర అంచు, నాలుగు కుందన్లు బల్ల మీద పెట్టుకున్నారు.

క్యాన్ ఓపెనర్‌తో మూత తీసిన డబ్బా అంచు బ్లేడులా ఉంటుంది. "స్పూన్ వెనకవైపుతో లోపలికి నొక్కాలి వదినగారూ. నా వేళ్ళలో బలం లేదు, మీరు నొక్కిపెడతారా? అమ్మాయి చూసుకోకుండా చెయ్యి పెట్టే చోటిది" అన్నారు.

నొక్కుతున్నాను. చెల్లెలు వచ్చి ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది. "అత్తయ్యా, నావన్నీ ఇందులోనే పెట్టేస్తా. అక్క తెచ్చిన బాక్స్ గరాజ్‌లో మేకులకి పనికొస్తుంది" అని వెళ్ళిపోయింది. నేను వింటున్నానన్న ధ్యాస కూడా లేదు. ఇంకో అంగుళం మిగిలింది. "అయిపోయిందండీ" అని డబ్బా ఇచ్చేశాను.

ఆవిడ బొటనవేలితో అంచంతా తడిమారు. ఆ అంగుళం దగ్గర వేలు ఆగింది. రక్తం వచ్చింది. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి, వేలికి కొంగు చుట్టుకున్నారు.

"ఏమైందత్తయ్యా?" పక్క గదిలోంచి చెల్లెలు.

"ఏం లేదే, నా తొందర. వదినగారు బాగానే నొక్కారు." తర్వాత నెమ్మదిగా, "వదినగారూ, కాస్త పసుపు తెచ్చిపెడతారా?"

తెచ్చాను. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ తర్వాత ఫోన్‌లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో, ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు ఇక్కడ రాసుకుంటున్నాను.

మొన్న అల్ఫారెట్టా వెళ్ళాను. చెల్లెలు నా ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు పడుకుంది. "ప్రతి పండక్కీ 'మీ అమ్మకి ఫోన్ చేశావా' అనేవారక్కా" అంది.

"మనకి అమ్మెక్కడుందే?"

"నువ్వే. నేను అక్క అన్నా, ఆవిడ లెక్కలో నువ్వు మా అమ్మవి."

అది లేచి, ఫొటోకి దండ గుచ్చడానికి కూర్చుంది. డబ్బా పక్కనే ఉంది. మంగళగిరి అంచు కాస్త మాసింది, ఒక కుందనం రాలింది. బొటనవేలు లోపలికి పెట్టి చుట్టూ తడిమాను. డబ్బా అంచు పొడుగునా పల్చటి గుడ్డ. ఒక్కచోట మాత్రం మూడు నాలుగు మడతలు వేసి కుట్టినట్టు దళసరిగా తగిలింది. అంగుళం మేర.

చెయ్యి తీసేసుకున్నాను. చెల్లెలు దండ మీంచి కళ్ళు తిప్పకుండా డబ్బాలోకి చెయ్యి పోనిచ్చి, కత్తెర తీసుకుంది.