ఫరంగీస్ మొహమాటం

ఇరాన్ దేశంలోని మా రఫ్సంజాన్‌లో ఎవరినైనా ముఖం మీద మెచ్చుకుని చూడండి, ఎంత అవస్థ పడిపోతారో! వంట బావుందంటే "ఏముంది లెండి, మీ మంచితనం" అంటారు. చెప్పులు బావున్నాయంటే అక్కడికక్కడే విప్పి "తీసుకోండి, మీవే" అంటారు. తీసుకున్నారో, చచ్చారన్నమాటే! ఇచ్చేవాళ్లు ఇస్తామనాలి, పుచ్చుకునేవాళ్లు వద్దు వద్దనాలి, చివరికి ఎవరి చెప్పులు వాళ్లే వేసుకుని ఇంటికి పోవాలి. టాక్సీవాడు సైతం "మీ దగ్గర డబ్బులేమిటండీ" అంటాడు. నిజమే కాబోలని దిగిపోతే మాత్రం వీధి చివరిదాకా వెంటపడతాడు. దీన్నే మేం తారూఫ్ అంటాం. ఇది తెలియనివాణ్ణి మనిషి కింద లెక్కకట్టం. ఆ మర్యాదే ఫరంగీస్ కొంప ముంచబోయింది.

ఫరంగీస్ స్కూల్లో చదివే రోజుల్లో వాళ్ల పిస్తా తోటలో బావి ఉప్పెక్కింది. చెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి మాహ్‌రొఖ్ ఆ చెట్లను కొట్టించి పొయ్యిలోకి వాడుకుంది. ఆ చలికాలమంతా తమ తోటే మండుతుంటే చలి కాచుకున్న పిల్లకి ఒకటే పట్టుదల పట్టుకుంది. ఉప్పునీళ్లకు చావని పిస్తా కావాలి, అంతే. పెళ్లి మాటెత్తితే "తర్వాత చూద్దాంలే" అనేది. చదివి, పిస్తా పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరి, అడవి పిస్తా మొదళ్లకు మంచి రకం అంటుకట్టి, కట్టినవి చస్తే మళ్లీ కట్టి, ముప్పై దాటాక ఎలాగో ఒక అంటు నిలబెట్టింది. దాని మీద రాసిన వ్యాసం చూసి ఇటలీలో ఒక విశ్వవిద్యాలయం డాక్టరేట్ చెయ్యడానికి రమ్మంది. ఇక్కడ లేని ప్రయోగశాలలు అక్కడున్నాయి. ఇక వీసా ఒక్కటే మిగిలింది. అది రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది, మళ్లీ పిలిచే దిక్కు లేదు.

టెహ్రాన్‌లో ఇటలీ ఎంబసీలో ఇంటర్వ్యూ. అడిగింది ఒక తెల్లజుట్టు దొరసాని. ఈ మధ్యనే మా దేశం వచ్చింది, ఫార్సీ మాత్రం పుస్తకంలో ఉన్నట్టు చక్కగా మాట్లాడుతుంది.

"మీ పని చాలా బావుంది. అంతా మీరే చేశారా?"

ఫరంగీస్ బుగ్గలు ఎర్రబడ్డాయి. "అబ్బే, నేనెంతటిదాన్నండీ! అంతా మా ప్రొఫెసరు గారి చలవ."

"మరి ఆ అంట్లు కట్టింది?"

"ఏదో లెండి, పెద్దలున్నారు కదా."

"అక్కడి చదువు చదవగలనని నమ్మకం ఉందా?"

"నాకంత యోగ్యత ఎక్కడిదండీ? మీ అభిమానం."

ఆవిడ అన్నీ రాసుకుంది. ఫరంగీస్ మహా మర్యాదగా మాట్లాడానని మురిసిపోతూ బయటికొచ్చింది. కొన్నాళ్లకు కబురొచ్చింది. పరిశోధన తనది కాదని అభ్యర్థే చెప్పింది, చదవగలనన్న నమ్మకమూ లేదంది, కాబట్టి వీసా నిరాకరించాలనుకుంటున్నాం, చెప్పుకునేదేమైనా ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు అని.

తల్లీకూతుళ్లు మళ్లీ బస్సెక్కి టెహ్రాన్‌లో ఇష్రత్ పెద్దమ్మ ఇంటికి చేరారు. మాహ్‌రొఖ్‌కి అక్క ఆవిడ. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది కానీ నోరు మాత్రం రిటైరవలేదు. విషయం విని నెత్తి కొట్టుకుంది.

"ఒసే మొద్దుమొహమా! వీసా ఇంటర్వ్యూ అనుకున్నావా, పెళ్లిచూపులనుకున్నావా? చేశావా అంటే చేశాననాలి!"

"అలా ఎలా అంటారు పెద్దమ్మా, సిగ్గు లేకుండా?"

"సిగ్గుపడుతూ కూర్చో. ఎండిపోయిన తోటకి కాపలా కాద్దువుగాని."

పోనీ ప్రొఫెసరు గారి చేత చెప్పిద్దామని ఫోన్ చేశారు. ఆ మహానుభావుడు సోహ్రాబీ "అయ్యో, నేనేం చేశానమ్మా, అంతా నువ్వే చేశావు, నేను వట్టి అనామకుణ్ణి" అన్నాడు. అది చాలావరకు నిజమే. కానీ ఏం లాభం? ఇష్రత్ ఫోన్ పెట్టేసి "ఈయనా ఆ బాపతే! ఇది నిజమని చెబుతున్నాడో, మర్యాదకి అంటున్నాడో ఆ దేవుడికే తెలియాలి" అంది.

ఇక శిక్షణ మొదలైంది. ఆ ఇంట్లో "మీ దయ", "నేనెంత" అన్నవాళ్లు అంట్లు తోమాలని ఇష్రత్ శాసనం చేసింది. మొదటిరోజు భోజనానికి కూర్చోగానే "ఈ కూర ఎవరొండారు? అద్భుతంగా ఉంది" అంది, కావాలనే.

"పోదూ అక్కా, ఏదో చేతికొచ్చినట్టు చేశాను" అంది మాహ్‌రొఖ్.

"లే. అంట్లు నీవే."

పాపం, ఉన్నన్నాళ్లూ మాహ్‌రొఖ్ సింకు దగ్గరే ఉంది. ఫరంగీస్ కొద్దికొద్దిగా మెరుగుపడింది. అద్దం ముందు నిలబడి "నేనే చేశాను" అని నేర్చుకుంది. అన్నప్పుడల్లా దొంగతనం ఒప్పుకుంటున్నట్టుండేది ఆమెకి.

రెండోసారి పిలుపొచ్చింది. అదే దొరసాని.

"అంతా మీ ప్రొఫెసరే చేశారన్నారు. ఇప్పుడేమంటారు?"

"మీ దయ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నేనే చేశానండీ" అంది, తల దించుకుని. ఏమీ కాలేదు. ఆకాశం ఊడిపడలేదు. తలెత్తింది. "ప్రొఫెసరు గారు చదివి దిద్దారు. పని నాది." ఆ తర్వాత ఆమె నోరు ఆగలేదు. ఉప్పు తగిలిన వేరు ఎలా నల్లబడుతుందో, మండుటెండలో కట్టిన అంటు ఎందుకు నిలవదో, ఆకు అంచు చూసి మొక్క బతుకుతుందో లేదో ఎలా చెప్పొచ్చో, అన్నీ చెప్పుకుపోయింది. దొరసాని రాసుకోవడం మానేసి వింది.

"మరి ఆరోజు అలా ఎందుకన్నారు?"

"మా వైపు 'నేనే' అనడం సిగ్గుమాలినతనమండీ. మీ కళ్లద్దాలు బావున్నాయని నేనంటే మీరేమంటారు?"

"థాంక్స్ అంటాను."

"మేమైతే తీసి ఇచ్చేస్తాం."

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వి, మళ్లీ కలం పట్టుకుంది. "అయితే ఒక్కరే చేశారన్నమాట."

అవునంటే అయిపోయేది. పెద్దమ్మ నేర్పింది కూడా అదే. ఫరంగీస్ తల అడ్డంగా ఊపింది.

"కాదండీ. మొక్కలకి కేంద్రంలో చోటివ్వలేదు. మా పెరట్లో పెంచాను. పగలంతా నేను ఉద్యోగంలో ఉంటే మా అమ్మే నీళ్లు పోసేది. ఏ మొక్కకెంత ఉప్పో, ఎన్ని నీళ్లో అంత కొలిచి మరీ. ఏళ్ల తరబడి, మోకాళ్ల నొప్పులతో. ఆమె లేకపోతే ఈ పరిశోధనే లేదు. ఇది మర్యాద మాట కాదండీ, నిజం."

దొరసాని కలం పక్కన పెట్టేసింది. "తెలుస్తోంది" అంది మెల్లగా. "వచ్చే వారం పాస్‌పోర్టు తీసుకెళ్లండి. వీసా ఇస్తున్నాం."

బయట గోడవార అక్కచెల్లెళ్లిద్దరూ నిలబడి ఉన్నారు. ఫరంగీస్ "ఇస్తారట!" అనగానే ఇష్రత్ నడివీధిలో పెళ్లింట్లో లాగా కేక పెట్టింది. కాపలావాడు ఉలిక్కిపడ్డాడు. మాహ్‌రొఖ్ చేతులు పైకెత్తి "దేవుడి దయ, ఆ దొరసాని తల్లి దయ, ప్రొఫెసరు గారి దయ" అంటూ మొదలుపెట్టింది.

"నీ గురించి చెప్పానమ్మా లోపల. నీళ్లు నువ్వే పోశావని."

"నా మొహం! నాలుగు చెంబుల నీళ్లకి నా పేరెందుకే? నేనేం చేశాను?"

"అమ్మా, అలా అనకు. ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పు. నాకోసం."

మాహ్‌రొఖ్ అటూ ఇటూ చూసింది. చాదర్ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"పోశాను" అంది. కొంగు తీసేసి మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "నేనే పోశాను. నడుం పడిపోయేదే ఫరంగీస్, నువ్వు మానేస్తావని చెప్పలేదు. ఒక్క పూట తప్పలేదు నేను."

అని భోరున ఏడ్చింది. ఫరంగీస్ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"అవునమ్మా, నువ్వే పోశావు."

మాహ్‌రొఖ్ కాదనలేదు.