మనుషులు కనిపించని వీధి

పైనుంచి నేల తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్ట్ గని కోసం మా ఊరు ఖాళీ చేయించి, కొత్త కాలనీలో ఇళ్లిచ్చారు. వెడల్పాటి సిమెంటు రోడ్లు, ఒకేలాంటి ఇళ్లు, ఇంటింటికీ ప్రహరీ. నాకు బాగానే అనిపించింది. మా నాయనమ్మకు మాత్రం పొద్దు పోయేది కాదు. పాత ఊళ్లో మధ్యాహ్నమంతా ఆమె గుమ్మంలోనే కూర్చునేది. ఎదురుగా టీకొట్టు, పక్కన సైకిల్ రిపేరు షాపు. షిఫ్టు దిగి బొగ్గు ముఖాలతో వచ్చేవాళ్లను ఆపి, ఇంట్లో ఏం కూర వండారో అడిగేది.

కొత్త ఇంటి గేటు దగ్గర మూడు రోజులు కుర్చీ వేసుకుని చూసి, "గీడ మనుషులు ఉంటలేరా ఏంది?" అంది.

"ఉన్నరు. అందరు ఇండ్లల్ల ఉన్నరు" అన్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే పాత ఊరి దగ్గర, గని కంచె పక్కన ఎండలో కూర్చుని ఉంది. మా వీధి ఉన్నచోట పెద్ద గొయ్యి. అందులో డంపర్లు మట్టి మోస్తున్నాయి.

"ఇంటికి పోదాం పా, నాయనమ్మా."

"జరసేపు ఆగు బిడ్డా. గీడ ఏదో ఒకటి కదులుతాంది."

నాకు కోపమొచ్చింది. బండి మీద తీసుకొచ్చి, మర్నాటి నుంచి డ్యూటీకి పోతూ గేటుకు తాళం వేశాను. ఆమె మెల్లగా కుర్చీలో కూర్చోవడం మానేసింది, తర్వాత తినడం. వానలు పడకముందే పోయింది. దవాఖానాలో డాక్టరు వయసు మీద పడిందన్నాడు. తాళం సంగతి నేనాయనకు చెప్పలేదు.