అచ్చు బల్ల మీద పిల్లి

పెడనలో కలంకారీ అచ్చులు వేసే హైమావతికి పని ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లే చెప్పాలి. అది పడుకునేది ఆవిడ అచ్చు బల్ల మీదే మరి! కాళ్ళు ముడుచుకుని, చెవులు నిక్కించి కూర్చుంటే ఇప్పుడే లేస్తుందని రంగు కలుపుతుంది. తోకలో ముక్కు దాచుకుని చుట్ట చుట్టుకుంటే గుడ్డలు కరక్కాయ నీళ్ళలో నానబెడుతుంది. వెల్లకిలా పడుకుందా, ఇక భోంచేసి రావచ్చు.

"ముట్టుకోకండి! పొట్ట చూపించింది నమ్మకంతో, నిమరమని కాదు," అని మొగుడు భాస్కరరావుని కసురుతుంది.

ఒకరోజు ఆయనకి ఒళ్ళు మండింది. "ముప్పై ఏళ్ళుగా నేనెలా పడుకుంటున్నానో ఎప్పుడైనా చూశావా?"

"చూడకేం? గోడవైపు తిరిగితే కూరలో ఉప్పెక్కువైనట్టు. నిన్న నిండా దుప్పటి కప్పుకున్నారు. నాకు చెప్పకుండా ఏం చేశారు?"

భాస్కరరావు పిల్లిలాగే కాళ్ళు ముడుచుకుని, లేవడానికి సిద్ధమయ్యాడు.