నడుము చూడమన్న కోచ్

మా మరిది రఘురామ్ ఇక లేడు. గత గురువారం పొద్దున, ఆక్లండ్ శివారు టకానినిలోని ఇంట్లో, రైలుకి బయల్దేరబోతూ, బూట్లు వేసుకుంటూనే ఒరిగిపోయాడు. మా తోటికోడలు సుజాత ఫోన్లో ఆ దుర్వార్త చెబుతుంటే, సరిగ్గా చూశారా, అంబులెన్స్ వాళ్ళకి ఏం తెలుసు అని తనతోనే వాదనకి దిగాను. మృత్యువుతో కూడా వాదించి నెగ్గగలననుకునే దురహంకారం నాది. అది చేసిన అపచారం చెప్పకుండా రఘురామ్‌కి నివాళి రాయలేను.

అతని వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రవృత్తి, ఆక్లండ్‌లో ఒక చిన్న అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆడపిల్లల జట్టుకి కార్నర్‌బ్యాక్‌లను తీర్చిదిద్దడం. రగ్బీ దేశంలో ఈ ఆట ఎవరిక్కావాలి అని నేను వెక్కిరిస్తే, "కాలేజీలో కబడ్డీ ఆడినవాణ్ణి వదినా, వెనక్కి నడుస్తూ మనిషిని ఆపడం నాకొచ్చిన ఏకైక విద్య" అనేవాడు.

కార్నర్ అంటే మైదానం అంచున నిలబడి, బంతి అందుకోవడానికి పరుగెత్తే ప్రత్యర్థిని అడ్డుకునే మనిషి. ఆ అడ్డుకోవడం ఎలాగో కోచ్ ముందే చెబుతాడు, దాన్ని కాల్ అంటారు. జోన్ అంటే తన జాగా కాస్తూ బంతి విసిరే మనిషిని చూడాలి. వెనక ఇంకొకరి ఆసరా ఉంటుంది. రఘురామ్ పిలిచే మ్యాన్‌లో, అంటే ఒక ప్రత్యర్థికి ఒకే కార్నర్ అనే కాల్‌లో, ఆ ఆసరా ఉండదు. ప్రత్యర్థిని లోపలికి రానివ్వకుండా పక్కగీత వైపే పోనివ్వాలి, బంతి వంక చూడనేకూడదు. "కళ్ళూ భుజాలూ దొంగాట ఆడతాయి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే" అన్నది అతని సిద్ధాంతం. ఎదుటి జట్టుకి తెలియకుండా గీత బయటి నుంచి "నడుము" అని తెలుగులోనే కేకేసేవాడు. జట్టులోని సమోవా దీవుల పిల్లలు ఆ మాటని మన పిల్లలకన్నా స్పష్టంగా పలికేవారు.

మా మేఘన ఆ జట్టులో కార్నర్. మూడేళ్ళ కిందట సీజన్ చివరి ఆటలో, ఆఖరి నిమిషంలో, రఘురామ్ మ్యాన్ పిలిచాడు. ప్రత్యర్థి మేఘనకి లోపలి పక్కనుంచి దూసుకుపోయింది. వెనక ఎవరూ లేరు. ఓడిపోయాం. కార్ పార్కులో అందరి ముందూ నిలదీశాను.

"సొంత అన్న కూతుర్ని ఒంటరిగా వదిలేస్తావా? వెనక ఒక్క మనిషిని పెట్టే తెలివి లేదా?"

అతను ప్రాక్టీసుకి గుర్తులుగా పెట్టే కోన్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ, "ఆ కాల్ నాదే వదినా" అన్నాడు. అంతే.

ఒప్పుకున్నాడు కదా అని, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నా ఇంగ్లీషు ఎం.ఏ. అంతా ఒలకబోసి పొడుగాటి అభియోగపత్రం రాశాను. మరో ఇద్దరు వంతపాడారు. తర్వాతి సీజన్‌కి కార్నర్‌లను వేరేవాళ్ళకి అప్పగించారు. రఘురామ్ క్లబ్బు మానలేదు. ప్రతి శనివారం వచ్చి మైదానానికి తెల్లగీతలు వేసి, ఆట ముగిసేదాకా నిలబడి వెళ్ళేవాడు. పండగలకి మా హాబ్సన్‌విల్ ఇంటికి వచ్చి నా పులిహోరకి వంకలు పెట్టేవాడు. ఆ ఊసు మాత్రం ఎత్తలేదు. నేను నెగ్గాననే అనుకున్నాను.

అంత్యక్రియలకి జట్టు పిల్లలంతా వచ్చారు. ఒక సమోవా అమ్మాయి పేటిక మీద చెయ్యి వేసి, "నడుము, కోచ్" అంది. అది విని మేఘన బయటికి వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణంలో, మోటర్‌వే మీద, సగం ఇంగ్లీషులో చెప్పింది.

"అమ్మా, బాబాయ్ కాల్ కరెక్టే. నేనే తల తిప్పి బాల్ చూశాను."

ఆ ఒక్క క్షణంలోనే లోపలి దారి తెరుచుకుందట. ఆ రోజే బాబాయికి చెప్పేసిందట. కార్నర్ తప్పు మైదానమంతటికీ కనిపిస్తుంది, అంతకు మించిన శిక్ష నీకక్కర్లేదు, అమ్మ సంగతి నేను చూసుకుంటాను అన్నాడట. మరి ఈ మూడేళ్ళూ నాకెందుకు చెప్పలేదే అని అడిగాను.

"నీకు ఎవరు చెప్పగలరమ్మా?"

అప్పటి నా రాత చదివి తలూపిన తెలుగువాళ్ళంతా ఇదీ చదవండి. దీన్నే ఇంగ్లీషులో ఆ గ్రూపులోనూ పెట్టాను. రఘూ, ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే నీతో పోట్లాడి, ఓడిపోయి, నీ జట్టు పిల్లల్ని నీకు ఉంచేదాన్ని.

ఈ శనివారం ఆట ఉంది. గీతలు ఎవరు వేస్తారని గ్రూపులో అడుగుతున్నారు. నిన్నటి నుంచీ ఎవరూ పలకలేదు.