చేతులు ఖాళీగా ఉంటేనే

గంటమ్మ మనుషుల మొహాలు చూసేది కాదు, చేతులు చూసేది. సాయంత్రం పూట ఆ చిన్న ప్రైవేటు బడి గేటు సగం తెరిచి, ఆ సందులో అడ్డంగా నిలబడి, ఎవరి పిల్లల్ని వాళ్లకు అప్పజెప్పడం ఆవిడ పని. వచ్చినవాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా సరే, రెండు చేతులూ చాచి చూపించాల్సిందే. ఫోను ఉంటే జేబులో పెట్టుకోవాలి, సిగరెట్టు ఉంటే అవతల పారేసి రావాలి, సంచి ఉంటే కింద దించాలి. "చేతులు" అనేది ఆవిడ. అంతే, వెనకా ముందూ ఇంకో మాట ఉండేది కాదు. రెండూ ఖాళీగా కనిపిస్తేనే పిల్ల చెయ్యి తెచ్చి ఆ చేతుల్లో పెట్టేది.

కొత్తగా చేర్పించినవాళ్లకు ఒళ్లు మండేది. ఒక బ్యాంకు మేనేజరైతే ఒంటికాలి మీద లేచాడు.

"ఏంటమ్మా, నేనేమైనా దొంగలా కనిపిస్తున్నానా?"

"దొంగవో దొరవో నాకెందుకయ్యా, ఫోను లోపల పెట్టు."

పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు, కొడుకు అవతలి పక్కన ఉంటే.

ఈ చాదస్తం ఆవిడకు ఊరికే పట్టుకోలేదు. ఆవిడ మొగుడు చేతిలో ఏది ఉంటే దానితో కొట్టేవాడు. గరిటె, చెప్పు, గొడుగు, ఒకసారి విరిగిన కుర్చీ కోడు. వట్టి చేతులతో ఉన్నప్పుడు మాత్రం మంచివాడే, నవ్వించేవాడు కూడా. అందుకని అతను గుమ్మంలోకి రాగానే ఆవిడ కళ్లు ముందు అతని చేతుల మీదికి పోయేవి. ఆవిడ ఎడమచెవికి వినికిడి పోయిన రోజున అతని చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఆ రోజు ఆవిడ కూడా చేతికందినది తీసుకుంది. ఏం తీసుకుందో ఎవరికీ చెప్పలేదు గానీ, అతను తరువాత ఎప్పుడూ తిన్నగా నడవలేదని చూసినవాళ్లు అనేవారు. మంచి పనే చేసింది.

కట్టుబట్టలతో బయటపడి, నడిచి నడిచి, ఆ బడి అరుగు మీద కూలబడింది. బడి పెట్టిన పెద్దసారు బయటికొచ్చి చూశాడు. ఊడ్చేవాళ్లు ఉన్నారు, నీళ్లు పట్టేవాళ్లు ఉన్నారు, గంట కొట్టేవాళ్లే లేరన్నాడు.

"కొట్టడం వచ్చా అమ్మా?"

"తినడం వచ్చండి. కొట్టడం ఈ మధ్యే నేర్చుకున్నాను."

పెద్దసారు నవ్వలేదు. లోపలికి వెళ్లి ఆవిడకు అన్నం పెట్టించాడు. అలా గంటమ్మ అయింది.

గంటంటే ఆవరణ మధ్యలో ఇనపకొక్కేనికి వేలాడే రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనపకడ్డీ ఎప్పుడూ ఆవిడ నడుముకు తాడుతో కట్టి ఉండేది. హెడ్‌మిస్ట్రెస్ అడిగినా ఇచ్చేది కాదు. ఒక్క దెబ్బ కొడితే పీరియడు అయిపోయినట్టు, ఆపకుండా కొడితే లాంగ్ బెల్, ఇళ్లకు పొమ్మన్నట్టు. లాంగ్ బెల్ మోగితే ఆ పిల్లల్ని పట్టి ఆపడం ఎవరి తరమూ కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని, సంచులు ఈడ్చుకుంటూ మెట్లు దిగేసేవాళ్లు. అందుకే కడ్డీ ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని ఆవిడ పట్టుదల.

పిల్లల తండ్రులకూ తల్లులకూ ఆవిడ పెట్టుకున్న పేర్లు వేరు. కుట్టుమిషను అమ్మ, మందులషాపు తాత, వెల్డింగ్ నాన్న. ఈ వెల్డింగ్ నాన్న నోట్లో నాలుక లేని మనిషి, కూతురి దగ్గరా గంటమ్మ దగ్గరా తప్ప. రోజూ పని మీంచి తిన్నగా, తోలు తొడుగులు చేతులకు అలాగే ఉంచుకుని వచ్చేవాడు.

"చేతులు" అనేది గంటమ్మ.

"ఇవీ చేతులే కదా పెద్దమ్మా, కాస్త దళసరిగా ఉన్నాయంతే."

"ఆ తోలు వలుచుకుని రా."

అప్పుడు అతని కూతురు, రెండో తరగతి లీడరు, వెనక నుంచి అచ్చం గంటమ్మ గొంతు పెట్టి "నాన్నా, చేతులు" అనేది. గేటు దగ్గర అందరూ నవ్వేవాళ్లు. అతను తొడుగులు లాగేసి, బొబ్బలెక్కిన అరచేతులు చాచేవాడు. ఒకసారి గంట కొక్కెం విరిగి కింద పడితే తనే సామాను తెచ్చి అతికించాడు. "నేను పోయినా ఈ అతుకు పోదు పెద్దమ్మా" అన్నాడు.

పెద్దసారు పోయాక బడి ఆయన అల్లుడి చేతికి వచ్చింది. ఈ అల్లుడుగారికి ఒక్క పిల్ల పేరూ తెలియదు. స్థలం విలువ మాత్రం అడుగడుగుకీ తెలుసు. ఒక పొద్దున, పిల్లలంతా తరగతుల్లో కూర్చున్నాక, టీచర్లను వరండాలోకి పిలిచి నిలువుకాళ్ల మీదే చెప్పాడు. బడి ఈ రోజుతో మూత, స్థలం అమ్మేశాను, సామాను ఎత్తడానికి లారీ వస్తుంది. సంవత్సరం మధ్యలో ఇదేమిటని ఒక టీచరు అడిగింది. ఆయన ఫోను చూసుకుంటూ కారెక్కాడు. పోతూ పోతూ తల్లిదండ్రుల ఫోన్లకు మెసేజీ పెట్టాడు, బడి మూసేశాం, పిల్లలందరినీ వ్యానులో ఇళ్లకు పంపేశాం అని.

ఆ రెండో ముక్క పచ్చి అబద్ధం. పెద్దపిల్లలు నడిచి వెళ్లిపోయారు. చిన్నపిల్లల కోసం పిలిపించిన వ్యాను రానేలేదు. బడి పోయిందని విన్న డ్రైవరు బండి ఇంటి దగ్గరే పెట్టేసి పడుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ పెరటి గుమ్మంలోంచి జారుకుంది. టీచర్లు ఏడుస్తూ ఒక్కొక్కరే పోయారు. మేడ మీది గదిలో చిన్నపిల్లలు, కింద గంటమ్మ మిగిలారు.

లారీ వచ్చింది. దాని వెనకే, మెసేజీ చూసి మండిపడుతూ పనుల మీంచి తిన్నగా తల్లిదండ్రులు వచ్చారు.

వీధి చివర ఆ గుంపును చూడగానే గంటమ్మ కళ్లు అలవాటు కొద్దీ చేతుల మీదికి పోయాయి. ఒక్క చెయ్యి కూడా ఖాళీగా లేదు. రాళ్లు, కర్రలు, ఒకడి చేతిలో హాకీ స్టిక్కు. ఆవిడ పైకి పరిగెత్తి పిల్లల్ని ఒక మూలకు చేర్చింది.

"లీడరమ్మా, లోపల గడియ పెట్టుకో. గంట కొట్టేదాకా ఎవరూ కదలకూడదు. ఎవరు పిలిచినా సరే."

"మా నాన్న పిలిచినా?"

"మీ నాన్న పిలిచినా సరే. గంట మోగితేనే."

కడ్డీ తన నడుముకే ఉంది కదా అని ఆవిడ ధీమా. కిందికి వచ్చి మెట్ల మొదట్లో నిలబడింది. పిల్లలు పైనున్నారని గట్టిగా అరుద్దామనుకుంది, నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మెట్లు ఇరుకు, ఒకపక్క గోడ లేదు. ఈ జనమంతా ఒక్కసారి దాని మీద పడితే పైనుంచి దిగే పిల్లలు పక్కనుంచి కింద నేల మీద పడతారు. అందుకని నోరు నొక్కుకుంది.

మొదటి రాయి ఆఫీసు గది అద్దానికి తగిలింది. లారీవాళ్లు బెంచీలు మోసుకుంటూ బయటికొస్తుంటే గుంపు వాళ్ల మీద పడింది. బెంచీ ఒక కొస వాళ్లు లాగారు, ఇంకో కొస వీళ్లు లాగారు, మధ్యలో ఒకడి వేళ్లు నలిగి విరిగాయి. వాడు చేసిన కేక విని లారీ మీదున్నవాళ్లు ఇనపచువ్వలు పట్టుకుని దూకారు. మందులషాపు తాత కళ్లజోడుతో పాటు ముక్కు కూడా పగిలింది. నిన్నటిదాకా గేటు దగ్గర ఒకరినొకరు బాగున్నారా అని పలకరించుకున్న మనుషులు ఎవరిని కొడుతున్నారో చూసుకోకుండా కొట్టుకున్నారు. కుర్చీలు కిటికీల్లోంచి వచ్చి పడ్డాయి. నల్లబల్లను ఎవరో నిలువునా తన్ని చీల్చారు. బ్యాంకు మేనేజరు ఒక కూలివాణ్ణి కింద పడేసి, వాడి తల పట్టుకుని మెట్టుకేసి కొడుతున్నాడు. వాడికి ఈ బడితో ఏ సంబంధమూ లేదు, ఆ పూటకు బెంచీలు మొయ్యడానికి వచ్చాడు.

మేడ మీది బీరువా కోసం లారీవాళ్లు ఇద్దరు మెట్లెక్కబోయారు. గంటమ్మ కడ్డీ విప్పి ముందువాడి మోకాలి మీద కొట్టింది. వాడు అరుస్తూ వెనక్కి పడ్డాడు. రెండోవాడు బెంచీ చెక్క తీసుకుని ఆవిడ మొహం మీద అడ్డంగా ఒక్కటిచ్చాడు. దవడ పక్కకి పోయింది. నోరంతా రక్తం, పళ్ల ముక్కలు. ఇప్పుడు అరవాలనుకుంది, పిల్లలు, పిల్లలు అని. గొంతులోంచి మూలుగు తప్ప మాట రాలేదు. కడ్డీ చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయింది.

దాన్ని తీసుకున్నవాడు వెల్డింగ్ నాన్న.

ఆ మనిషిని ఆ రోజు చూస్తే ఎవరూ గుర్తుపట్టరు. కనుబొమ్మ పగిలి రక్తం కంట్లోకి కారుతోంది. కూతురు ఇంట్లో ఉందనుకుంటున్నాడు. ఇంకో బడిలో చేర్పించే తాహతు తనకు లేదని తెలుసు. ఆ కూతురు ఈ బడిలో చదువు నేర్చి, రాత్రిళ్లు తనకు పాఠం చెబుతోంది. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు.

"ఆ అల్లుడికి ఇక్కడ ఇనప ముక్క కూడా మిగలనివ్వను" అంటూ గంట దగ్గరికి పోయాడు. కొక్కెం ఊడగొడదామని ఎత్తి కొట్టాడు. ఊడలేదు. మళ్లీ కొట్టాడు. కడ్డీ ఒకసారి కొక్కేనికీ రెండుసార్లు పట్టాకీ తగులుతోంది. ఆ అతుకు తనే వేశాడు, గట్టిగా వేశాడు. అది ఊడనికొద్దీ అతనికి పిచ్చెక్కి, ఊపిరి తిప్పుకోకుండా కొడుతూనే ఉన్నాడు.

లాంగ్ బెల్ మోగింది.

నేల మీద పడి ఉన్న గంటమ్మ కుడిచెవితో ఆ చప్పుడు విని, మేడ వైపు తల తిప్పింది. గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. సంచులు తగిలించుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, లీడరు ముందు నడవగా పిల్లలు మెట్లు దిగుతున్నారు. వాళ్ల తలల పక్కనుంచి ఒక ఇటుకముక్క పోయి గోడకు తగిలి పిండయింది. పిల్లలు ఎప్పటిలా పరిగెత్తలేదు, అరవలేదు. గంట మోగింది, దిగాలి, అంతే వాళ్లకు తెలిసింది.

లీడరు చివరి మెట్టు దిగి తండ్రిని చూసింది. రక్తం, రాళ్లు, పడి ఉన్న మనుషులు, వాటి మధ్య తెలిసిన వీపు ఒకటి. వరస వదిలేసి ఆ వీపు వైపు పరిగెత్తింది. అతను కొట్టడానికి కడ్డీని వెనక్కి ఎత్తాడు.

గంటమ్మ ఎలా లేచిందో ఆవిడకే తెలియదు. కడ్డీకీ పిల్ల తలకీ మధ్య కుడిచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు దగ్గరున్నవాళ్లందరికీ వినిపించింది. విరిగిన చేతి మీంచి జారిన కడ్డీ పిల్ల నుదుటికి తగిలింది. చెయ్యే లేకపోతే తలే ఉండేది కాదు. పిల్ల కూలబడింది. నుదుటి మీంచి రక్తం యూనిఫాం మీదికి కారింది.

ముందు తల్లులు చూశారు. "పిల్లలు" అన్నారెవరో, చాలా మెల్లగా. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగాయి.

గంటమ్మ ఎడమచేత్తో లీడరును ఎత్తి భుజాన వేసుకుంది. మిగతా పిల్లలు ఆవిడ బట్ట పట్టుకుని వెనక నడిచారు. గుంపు దారి ఇచ్చింది. ఆవిడ తిన్నగా గేటు దగ్గరికి వెళ్లి, దాన్ని భుజంతో సగానికి నెట్టి, ఆ సందులో ఎప్పుడూ నిలబడే చోట అడ్డంగా నిలబడింది. పిల్లలు ఆవిడ వెనక. తల్లిదండ్రులు తోసుకుంటూ గేటు బయటికి వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డారు.

వెల్డింగ్ నాన్న అందరికంటే ముందు వచ్చాడు.

"పెద్దమ్మా, ఇటివ్వు. ఆస్పత్రికి తీసుకుపోతాను. ఇవ్వు పెద్దమ్మా."

గంటమ్మ అతని చేతుల వైపు చూసింది. నోరు తెరవబోయింది. దవడ కదలలేదు, రక్తం మాత్రం కారింది. పిల్లను ఇవ్వలేదు.

"నీ కాళ్లు పట్టుకుంటాను, ఇవ్వు."

ఆవిడ భుజం మీద తల వాల్చుకున్న పిల్ల ఒక కన్ను తెరిచింది. రోజూ అనేదే, అదే గొంతుతో, కాకపోతే నీరసంగా అంది.

"నాన్నా, చేతులు."

అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. కుడిచేతిలో కడ్డీ అలాగే ఉంది. దాని కొసన కూతురి రక్తం ఉంది. వేళ్లు బిగుసుకుపోయి వెంటనే విడివడలేదు. ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకున్నాడు. కడ్డీ కింద పడింది. తొడుగులు లాగి పారేసి, రెండు అరచేతులూ చాచాడు.

గంటమ్మ ఆ చేతులను చాలాసేపు చూసింది. అతను ఏడుస్తున్నాడు, ఆవిడకు జాలి వేయలేదు. అయినా పిల్లను తెచ్చి వాటిలో పెట్టింది. అతను పరిగెత్తాడు.

ఆవిడ వెనక్కి తిరిగి తరువాతి పిల్లవాడి చెయ్యి పట్టుకుంది. వాడు కుట్టుమిషను అమ్మ కొడుకు. గేటు బయట కుట్టుమిషను అమ్మ కొడుకు కోసం చేతులు చాచబోయి, తన గుప్పిట్లో ఉన్న రాయిని అప్పుడు చూసుకుంది.